అప్‌డేట్: అమ్మది అక్రోమెగలీయే (గ్రోత్ హార్మోన్ ఎక్కువై చేతులు, పాదాలు, ముఖం పెరిగే జబ్బు)
అమ్మకు ఉంగరాలు పట్టడం లేదు, చెప్పుల సైజు మారింది, గురక పెరిగింది, ఏ పరీక్ష చేయించాలని రాయగడ నుంచి అడిగింది నేనే. మీరు చెప్పిన ఐజీఎఫ్-1 (గ్రోత్ హార్మోన్ ఎక్కువైతే రక్తంలో పెరిగే పదార్థం) రక్తపరీక్షకు నమూనా ఇక్కడే ఇచ్చాం; బయటి ల్యాబుకు పంపారు. వయసుకు మించి చాలా ఎక్కువ వచ్చింది. రైలెక్కి విశాఖ వెళ్తే 75 గ్రాముల గ్లూకోజు తాగించి గ్రోత్ హార్మోన్ చూశారు. గ్లూకోజు తాగాక ఆ హార్మోన్ తగ్గాలి, అమ్మకు తగ్గలేదు. ఎంఆర్‌ఐలో మెదడు అడుగున ఆ హార్మోన్ తయారుచేసే పిట్యూటరీ గ్రంథిలో గడ్డ బయటపడింది. క్యాన్సర్ కాదట, హమ్మయ్య! ముక్కు గుండా ఆపరేషన్ చేస్తారు. హార్మోన్ తగ్గించడానికి నెలనెలా వేసే ఆక్ట్రియోటైడ్ ఇంజెక్షన్ మా తాహతుకు మించినది. గడ్డ కొంత మిగిలితే ముందు అదే పనికి క్యాబర్గోలిన్ మాత్రలు వాడి చూద్దామన్నారు. చవకే గానీ అందరికీ పనిచేయవు. ఈ అనుమానంతో డాక్టరు దగ్గరికి వెళ్లేవాళ్లు పాత ఫోటోలు తీసుకెళ్లండి. ముఖంలో మార్పు ఎప్పుడు మొదలైందో డాక్టరు వాటిని చూసే అంచనా వేశారు.