సమస్యాపూరణం: కాయఁ దుంచఁ దుంచఁ గాయ పెరిగె

ఛందస్సు ఆటవెలది. విషయం పెరట్లో పెద్దరకం టమాటా, ఒక్కో కాయ అరకిలో దాకా తూగేవి. పద్యం నడవాలి, సాగూ సరిగ్గా ఉండాలి.

పూరణ 1
గుత్తిలోన రెండు కోరి యుంచి మిగులు
పిందెలకును బోవు పెక్కు రసము
ఉన్న వాని కంద నొడుపుగా లేతదౌ
కాయఁ దుంచఁ దుంచఁ గాయ పెరిగె

– ఆర్యా, బాగుంది. ‘రసము ఉన్న’ దగ్గర విసంధి, అంటే కలవాల్సిన సంధి కలవలేదు. ‘పెక్కు సార / మున్న వాని’ అంటే సరి. గుత్తికి రెండే అన్నది పెద్దరకానికి తగిన లెక్క. పిందె గోళీ అంత ఉండగానే గిల్లాలి. ముదిరాక తీస్తే అది తిన్న సారం వృథా. ముందు తీయాల్సింది రెండు మూడు పూలు అతుక్కుని కట్టిన పిందె. అది మడతలు పడుతుందే తప్ప గుండ్రంగా రాదు.

పూరణ 2
అడుగు కుళ్లె ననుచు నాకుఁ గిల్లక నీరు
సమముగాను బోసి చక్కఁ గాఁచి
కుళ్లు సోఁకినట్టి గుత్తిలో మొదటిదౌ
కాయఁ దుంచఁ దుంచఁ గాయ పెరిగె

– నిర్దోషంగా ఉంది, అభినందనలు. ‘సమముగాను’ అన్నదే అసలు మందు. అడుగు కుళ్లు అంటుకునే తెగులు కాదు, కాయ కొసకు కాల్షియం అందకపోవడం. మట్టిలో ఉన్నా అది నీటితోనే కదులుతుంది. నేల ఒకరోజు బీటలు వారి మరునాడు మునిగితే కాయదాకా రాదు. ఆకుల మీద చల్లిన కాల్షియం కాయకు దిగదు. మొదలు చుట్టూ 5–8 సెం.మీ. మందాన ఎండుగడ్డి పరచండి, కాండానికి తగలకుండా. నత్రజని ఎక్కువైనా ఇదే తంటా.

– ‘నాకుఁ గిల్లక’ కూడా గమనించండి. నీడనిచ్చే ఆకు పోతే కాయ భుజాలు ఎండకు తెల్లబడి బొబ్బలెక్కుతాయి. గిల్లాల్సింది కణుపుల్లోని పిలకలను, వేలెడు పొడవు దాటకముందే.

పూరణ 3
రంగు తిరుగు వేళఁ గోసి గదినిఁ బెట్టి
బరువు తగ్గి తీగ పైకి సాఁగఁ
గొసన నున్న పిందె కోరి సారముఁ బీల్చె
కాయఁ దుంచఁ దుంచఁ గాయ పెరిగె

– మొదటి పాదంలో యతి తప్పింది. ‘గోసి గదినిఁ బెట్టి’కి బదులు ‘రహినిఁ గోసిన యంత’ అని సవరించండి. భావం మాత్రం గట్టిది. రంగు తిరగ్గానే కోస్తే, ఆలస్యంగా పడ్డ నీటికి కాయ పగలదు. 18–24 డిగ్రీల గదిలో చక్కగా మాగుతుంది, ఎండ అక్కర్లేదు. 30 దాటితే ఎరుపు రాక పసుపుపచ్చగా ఆగిపోతుంది. పచ్చిదాన్ని ఫ్రిజ్‌లో పెట్టవద్దు.

– సవరించాను, ధన్యవాదాలు. ఈ రకాల్లో గింజల అరలు చిన్నవి, కండ ఎక్కువ. రంపంలా పళ్లున్న కత్తితో అడ్డంగా, సెంటీమీటరు మందాన కోస్తే చక్రం విడిపోదు. ఉప్పు తినేముందే చల్లాలి; ముందే చల్లితే పళ్లెం నిండా నీరే.