నా నవల్లో ఇద్దరబ్బాయిలు. ఒకణ్ణి తీసేయనా?

ప్రశ్న:
పదహారేళ్ళ అమ్మాయి కథ రాస్తున్నాను. ఊళ్ళో నీళ్ళకి రేషన్. వేలిముద్ర వేస్తే ఇంటికెన్ని బిందెలో మిషనే చెప్తుంది. ఇంటర్ చదివే మా అక్క కూతురు పన్నెండు చాప్టర్లు చదివి, "పిన్నీ, హంగర్ గేమ్స్‌కి బిందెలు తగిలించావ్" అనేసింది. హంగర్ గేమ్స్ అంటే పిల్లల్ని ఒకళ్ళనొకళ్ళు చంపుకోమని వదిలి టీవీలో చూపించే ఆట మీద అమెరికా నవల. అందులోనూ ఒకమ్మాయి, ఇద్దరబ్బాయిలే. ఆ రాత్రి నిద్ర పడితే ఒట్టు. చిన్నప్పటి స్నేహితుడొకడు, నీళ్ళాఫీసరు కొడుకొకడు, మధ్యలో నా కథలో అమ్మాయి. ఈ ప్రేమ గొడవంతా పీకేయనా?

జవాబు 1:
పీకకండి! పిల్లలు చదివేదే దానికోసం.

జవాబు 2:
అక్కా, హంగర్ గేమ్స్ 2008లో వచ్చినప్పుడు దాన్నీ కాపీ అన్నారు. పిల్లల్ని ఒకచోట వదిలి చంపుకోమనడం 1999 నాటి జపాన్ నవల బ్యాటిల్ రాయల్‌లోనే ఉంది మరి. కానీ ఆ గుహ సీను గుర్తు తెచ్చుకోండి. కథానాయిక కాట్నిస్, ఆమెతోపాటు ఆటలో ఉన్న పీటా గుహలో దాక్కుంటారు. పీటా కాలు చీము పట్టింది, ఒళ్ళు కాలిపోతోంది. కాట్నిస్ ముద్దు పెట్టి బయటికొచ్చేసరికి, టీవీలో చూసి మెచ్చినవాళ్ళ డబ్బుతో పారాషూట్‌లో దిగిన వేడి సూపు గిన్నె. ఒక ముద్దుకి ఒక గిన్నె అని ఆ పిల్లకి లెక్క తెలిసిపోతుంది. టీవీలో చూసేవాళ్ళకది ప్రేమ, ఆమెకి బతుకుతెరువు. నిజంగా ఇష్టమేనా అంటే తనకే తెలీదు. ఆ ముద్దు తీసేస్తే సూపూ రాదు, కథా నడవదు. మీ అబ్బాయిల్లో ఎవణ్ణి తీసేస్తే బిందెల లెక్క మారుతుందో చూడండి. మారకపోతే వాడు దండగ.

జవాబు 3:
ఆలీ కాండీ రాసిన మ్యాచ్డ్ (2010)లో పదిహేడేళ్ళకి సర్కారే జోడీ కుదురుస్తుంది. అమెరికా పిల్లలకి అదో పీడకల. మా నాయనమ్మకి చెప్తే, "కట్నం అడగరా? మంచి సర్కారే" అంది. అంచేత మనవాళ్ళని ఏది భయపెడుతుందో అక్కణ్ణుంచి మొదలెట్టండి. పెళ్ళిళ్ళ పేరయ్యలకి మనమెవరం భయపడం.

ప్రశ్న అడిగినావిడ:
తీసి చూశాను. స్నేహితుడు పోతే నాలుగో చాప్టర్లో జామచెట్టు సీను తప్ప ఏం పోలేదు. వాణ్ణి పంపించేశా. కొత్త రూలొకటి పెట్టాను: పెళ్ళయి వెళ్ళిపోయే పిల్ల తన వాటా రెండు బిందెలూ పట్టుకుపోతుంది. ఇప్పుడు ఆఫీసరు కొడుకు నవ్వినప్పుడల్లా ఇంట్లో తమ్ముడు బిందె వైపు చూస్తున్నాడు. మా అక్క కూతురికింకా చూపించలేదు, ధైర్యం చాలక. స్నేహితుడి పేరు మాత్రం బావుంది, ఇంకో కథకి దాచుకున్నా.