డాక్టరు గారి జీవిత ప్రదర్శన: ప్యానెళ్లు, పరికరాల బల్ల, బీపీ–షుగరు పరీక్షల పనులు

సమన్వయం: అందరికీ నమస్కారం. రెండో ప్యానెల్‌లో "అమెరికా వచ్చి సర్జనుగా చేరారు" అని ఒక్క ముక్కలో తేల్చేశాం. ఆయన జీవితంలో కష్టమైన ఏళ్లన్నీ ఆ ఒక్క వాక్యం కింద పడిపోయాయి. దయచేసి మళ్లీ రాయండి.

ప్యానెళ్లు: నిజమే అన్నయ్యా, తీసేస్తున్నాం. ఇండియాలో ఎం.ఎస్. చేసి వచ్చినా ఇక్కడ రెసిడెన్సీ (ఆసుపత్రిలో పనిచేస్తూ పొందే శిక్షణ) మళ్లీ చేయాల్సిందే. జనరల్ సర్జరీకి ఐదేళ్లు. దానికంటే ముందు ఈసీఎఫ్ఎంజీ (విదేశాల్లో చదివిన డాక్టర్ల అర్హతను పరిశీలించే సంస్థ) సర్టిఫికెట్ కావాలి. ఆ సంస్థ 1956లో మొదలైంది, మొదటి పరీక్ష 1958లో పెట్టారు. 1965 వలస చట్టం దేశాలవారీ పాత కోటాలను ఎత్తేసింది, కానీ పూర్తిగా అమల్లోకి వచ్చింది 1968 జులై 1న. 1976లో విదేశీ వైద్యులకు దారి మళ్లీ ఇరుకైంది. కాబట్టి ఏ ఏడాది వచ్చారన్నది తప్పితే కథంతా తప్పుతుంది.

ఇంట్లోవాళ్లు చెప్పే సంవత్సరాన్ని అలాగే వేయొద్దు. దిగిన ఏడాది, రెసిడెన్సీ మొదలైన ఏడాది కలిసిపోతుంటాయి. రెసిడెన్సీ మామూలుగా జులైలో మొదలవుతుంది. పాస్‌పోర్టు ముద్ర, ఈసీఎఫ్ఎంజీ సర్టిఫికెట్, రాష్ట్ర లైసెన్సు మూడూ పక్కపక్కన పెట్టి చూశాకే అచ్చుకి.

ఫొటోలు వాట్సాప్‌లో పంపకండి, చిన్నవైపోతాయి. 4×6 అంగుళాల ఫొటోని 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కలు) స్కాన్ చేస్తే 2400×3600 పిక్సెళ్లు వస్తాయి. 150 డీపీఐ అచ్చుకి అది 16×24 అంగుళాల దాకా సరిపోతుంది, అంతకు మించి పెంచితే మొహాలు చెదిరిపోతాయి. ఫొటో వెనకవైపు కూడా స్కాన్ చేయండి. తేదీలు, పేర్లు అక్కడే ఉంటాయి.

క్లినిక్ తరఫున: నాలుగో ప్యానెల్‌లో "ఫ్రీ క్లినిక్", "కమ్యూనిటీ హెల్త్ సెంటర్" రెండూ ఒకటే అన్నట్టు ఉంది, కాదు. ఫెడరల్ నిధులతో నడిచే హెల్త్ సెంటర్ ఆదాయాన్ని బట్టి ఫీజు తీసుకుంటుంది, దాని పాలకమండలిలో కనీసం 51 శాతం అక్కడి పేషెంట్లే ఉండాలి. అలాంటి మొదటి కేంద్రం 1965లో బోస్టన్‌లోని కొలంబియా పాయింట్‌లో తెరిచారు. మనది వాలంటీర్లతో నడిచే ఫ్రీ క్లినిక్. సరిగ్గా ఆ మాటే రాయండి.

పరికరాల బల్ల: క్లినిక్‌లో సర్జను చేసేది పెద్ద ఆపరేషన్లని జనం అనుకుంటారు. చీముగడ్డ కోసి కట్టుకట్టడం, కొవ్వుగడ్డ తీయడం, కండలోకి దిగిన కాలిగోరు సరిచేయడం, ఇవీ అక్కడి పనులు. అందుకే ట్రేలో ఉండాల్సినవి: 3వ నంబరు బ్లేడు పిడి (15వ నంబరు బ్లేడు దీనికి పడుతుంది), పళ్లున్న ఫోర్సెప్స్, వంపు హీమోస్టాట్లు (రక్తం కారకుండా నాళాన్ని పట్టి ఉంచే పట్టుకార్లు) రెండు, నీడిల్ హోల్డరు, 4-0 నైలాన్ దారం ప్యాకెట్. బ్లేడు మాత్రం పెట్టొద్దు, పిడి చాలు. పిల్లలు తిరిగే చోటు అది. దారం ప్యాకెట్‌లో సూది ఉంటుంది, దాన్ని విప్పకుండా అద్దం కింద ఉంచాలి.

పక్కన ఈ లెక్క పెడదాం: 1 శాతం లిడోకెయిన్ (కోసే చోట మొద్దుబార్చే మందు) అంటే మిల్లీలీటరుకి 10 మి.గ్రా. ఎపినెఫ్రిన్ (రక్తనాళాలను బిగించే మందు) కలపకుండా ఇస్తే కిలోకి 4.5 మి.గ్రా. దాటకూడదు. 60 కిలోల మనిషికి 27 మి.లీ. దగ్గరే ఆగాలి. చిన్న గదిలో జరిగే పనికి ఎంత జాగ్రత్త కావాలో అది చూస్తే తెలుస్తుంది.

పరీక్షల బల్ల: బీపీ కుర్చీలు హాలు తలుపు దగ్గర వద్దక్కా. ఐదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చోవాలి, వీపుకి ఆనుడు ఉండాలి, పాదాలు నేల మీద ఉండాలి, చెయ్యి గుండె ఎత్తులో ఉండాలి. పెద్ద కఫ్ (చేతికి చుట్టే పట్టీ) కనీసం ఒకటి తప్పనిసరి. లావు చేతికి చిన్న కఫ్ చుడితే బీపీ లేనివాళ్లకీ ఎక్కువ చూపిస్తుంది.

షుగరుకి ముందు చేతులు సబ్బుతో కడిగించాలి. పండు తిన్న వేలికి గుచ్చితే రీడింగు అబద్ధం చెబుతుంది. స్పిరిట్‌తో తుడిస్తే పూర్తిగా ఆరాకే గుచ్చాలి. స్ట్రిప్పు తీయగానే డబ్బా మూత బిగించాలి, తేమ తగిలితే మిగతావి పాడవుతాయి. లాన్సెట్ (వేలికి గుచ్చే సూది) ఒకరికి ఒకటే, వాడగానే షార్ప్స్ డబ్బాలోకి (వాడిన సూదులు వేసే గట్టి డబ్బా). ఈ పరీక్ష క్లినిక్ వాళ్ల సీఎల్ఐఏ వేవర్ (తేలిక ల్యాబ్ పరీక్షలకు ఇచ్చే ఫెడరల్ అనుమతి) కింద చేయాలి, రాష్ట్రం నిబంధన ఏమైనా ఉందేమో విడిగా కనుక్కోవాలి.

కోశాధికారి: మన ఈవెంట్ ఇన్సూరెన్సులో వైద్యసేవకి మినహాయింపు ఉందేమో చదువుతున్నాను. క్లినిక్‌లో వాలంటీరు డాక్టర్లకున్న రక్షణ మన హాలుకి దానంతటదే రాదు. రాతపూర్వకంగా జవాబు వచ్చేదాకా లాన్సెట్లు కొనకండి.

పరీక్షల బల్ల: సరే గారూ. ఇంకొక్కటి. 180/120 దాటి ఛాతీ నొప్పి, ఆయాసం, మాట తడబాటు ఉంటే ఆగకుండా 911. లక్షణాలు లేకపోతే ఐదు నిమిషాలాగి రెండోసారి చూస్తాం. అప్పుడూ అంతే ఉంటే బల్ల దగ్గరే ఉన్న డాక్టరుకి అప్పజెబుతాం. ఎక్కువ వచ్చిన ప్రతి ఒక్కరికీ కాగితం మీద అంకె రాసిచ్చి ఊరుకుంటే కుదరదు, క్లినిక్‌లో తేదీ, సమయం అక్కడికక్కడే రాయాలి. క్లినిక్ వాళ్లు ఆ వారానికి ఎన్ని ఖాళీలు ఇవ్వగలరో గురువారంలోపు చెబితే, ఎంతమందికి పరీక్షలు చేయాలో దాన్ని బట్టే టోకెన్లు అచ్చు వేయిస్తాం.