జూనియర్ ఆర్టిస్టు కార్డు కోసం ఏజెంటుకు ముందే డబ్బు ఇవ్వవచ్చా?

ప్రశ్న: డిగ్రీ పూర్తిచేసి గుంటూరు నుంచి హైదరాబాదు వచ్చాను. సినిమాల్లో, సీరియళ్లలో జూనియర్ ఆర్టిస్టుగా పనిచేయాలని ఉంది. కృష్ణానగర్‌లో ఒక ఏజెంటు, యూనియన్ సభ్యత్వ కార్డు ఇప్పిస్తానంటూ ముందుగానే డబ్బు అడుగుతున్నారు. ఇవ్వవచ్చా అండీ?

జవాబు 1: దయచేసి ఇవ్వకండి. సభ్యత్వ రుసుము ఏదైనా సరే, యూనియన్ కార్యాలయంలోనే చెల్లించి రసీదు తీసుకోవాలి. ఏజెంటుకు దక్కేది మీ కూలిలో కమీషనే తప్ప, పని చూపించకముందు అడిగే సొమ్ము కాదు.

జవాబు 2: పని తీరు కూడా తెలుసుకోండి. రామోజీ ఫిల్మ్ సిటీలో షూటింగ్ అయితే తెల్లవారకముందే కంపెనీ బస్సు ఎక్కవలసి రావచ్చు. పెళ్లి సన్నివేశంలో మూడో వరుసలో కూర్చుని గుప్పిట్లో అక్షతలు పట్టుకున్నవారు, భోజన విరామం తర్వాత కూడా అదే కుర్చీలో, అదే చొక్కాతో, అలాగే కనిపించాలి. లేకపోతే కంటిన్యుటీ దెబ్బతింటుంది. హీరో డైలాగు చెబుతున్నప్పుడు మీ పెదవులు కదలాలి గాని మాట బయటికి రాకూడదు. నా దృష్టిలో ఇదీ నటనే, దీనికి గౌరవం దక్కాలి.

జవాబు 3: కూలి ఏ రోజు చేతికి వస్తుందో, కాల్‌షీటు (ఆ రోజు పనికి ఒప్పుకున్న వేళలు) సమయం దాటితే అదనంగా ఎంత ఇస్తారో బస్సు ఎక్కకముందే అడగండి తమ్ముడూ.