టెర్మినల్‌లో తెలుగు ఫైల్ పేర్లు: ఉంచాలా, మార్చేయాలా?

హంద్రీ, కర్నూలు:
మా కాలేజీ ప్రాజెక్టులో మండలాల వారీగా వర్షపాతం ఫైళ్లున్నాయి. పేర్లన్నీ తెలుగులోనే: ఆదోని, ఎమ్మిగనూరు, పత్తికొండ. నా ల్యాప్‌టాప్‌లో బాగానే కనిపిస్తాయి. ల్యాబ్ సర్వర్‌లోకి టెర్మినల్ (కమాండ్లు టైపు చేసే విండో) నుంచి ఎస్‌ఎస్‌హెచ్‌తో (దూరం నుంచి లాగిన్ అయ్యే పద్ధతి) వెళ్లి, ఫైళ్ల జాబితా చూపే ఎల్‌ఎస్ కమాండ్ కొడితే మాత్రం పేర్లకు బదులు వరసగా అంకెలు వస్తున్నాయి. రేపోమాపో డెమో, ఒకటే టెన్షన్. పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లోకి మార్చేయమంటున్నారు మావాళ్లు. మార్చేయాలా?

గండికోట, కడప:
మార్చేయండి. సర్వర్లు చూసుకునేవాడిగా చెబుతున్నా. ఒక మెషిన్‌లో సరిచేస్తే ఇంకోచోట బయటపడుతుంది. బ్యాకప్ స్క్రిప్టులు, జిప్ ఫైళ్లు, పాత సిస్టమ్‌లు, ఎక్కడో ఒకచోట దెబ్బ తగులుతుంది. ఫైల్ లోపల తెలుగు ఉండనివ్వండి, పేరు మాత్రం వద్దు.

పెన్నా, అనంతపురం:
తమ్ముడూ, తొందరపడొద్దు. ముందు ఆ అంకెల్ని చూడు. 340 260, 340 261 అని మళ్లీ మళ్లీ వస్తున్నాయా? అయితే నీ తెలుగు చెక్కుచెదరలేదు. అక్షరాల్ని బైట్లుగా మార్చే ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8లో తెలుగు అక్షరం ఏదైనా మూడు బైట్లు, మొదటి రెండూ ఆక్టల్‌లో (ఎనిమిది ఆధారంగా రాసే అంకెల్లో) ఈ రెండు జతల్లో ఒకటి. ‘క’ అంటే 340 260 225. సర్వర్ లొకేల్ (ఏ భాష, ఏ ఎన్‌కోడింగ్ వాడాలో చెప్పే సెట్టింగు) ఇంగ్లీషు అక్షరాలే తెలిసిన ‘సి’లో ఉంటే ఎల్‌ఎస్ వాటిని అక్షరాలుగా గుర్తించలేక అంకెల్లో చూపిస్తుంది, అంతే.

‘లొకేల్’ అని కొట్టు. అక్కడ కనిపించే సెట్టింగుల్లో ఎల్‌సీ_ఆల్‌కి విలువ ఏదైనా ఉంటే మిగతావేవీ చెల్లవు. చాలామంది లాంగ్ అనే సెట్టింగు ఒక్కటీ మార్చి, ఏమీ మారలేదని తల పట్టుకునేది ఇందుకే. తెలుగు లొకేలే ఉండాలని లేదు, సి.యూటీఎఫ్-8 ఉన్నా చాలు.

కుదిరిందో లేదో తేల్చుకోవాలంటే ‘కర్నూలు’ అనే మాటను ప్రింట్‌ఎఫ్ కమాండ్‌తో, లెక్కపెట్టే డబ్ల్యూసీ కమాండ్‌కి పంపు. బైట్లు లెక్కపెట్టమంటే 21, అక్షరాలు లెక్కపెట్టమంటే 7 రావాలి. రెండింటికీ 21 వస్తే లొకేల్ ఇంకా మారలేదు. కంటికి మూడే కనిపిస్తాయి గానీ పొల్లు, కొమ్ములు కూడా విడివిడిగా లెక్కలోకి వస్తాయి.

గండికోట, కడప:
నా మెషిన్‌లో లొకేల్ సరిగానే ఉంది. అయినా ‘ర్నూ’ విడిపోయి, వత్తు కింద కూర్చోకుండా పక్కన కనిపిస్తుంది. దీనికేమంటారు?

పెన్నా, అనంతపురం:
అది ఎన్‌కోడింగ్ తప్పు కాదన్నా. టెర్మినల్ స్క్రీన్‌ని సమానమైన గళ్లుగా చేసి ఒక్కో గుర్తును గడిలో పెడుతుంది. మన వత్తులు అందులో ఇమడవు. అక్షరాల చోట డబ్బాలు వస్తుంటే నోటో సాన్స్ తెలుగు లాంటి ఫాంట్ వేస్తే పోతాయి, వత్తులు మాత్రం చాలా టెర్మినల్స్‌లో కుదురుకోవు. గ్రాఫిక్స్ లేని కన్సోల్‌లో ఫాంట్‌కి 512 బొమ్మలే హద్దు, అక్కడైతే ఆశే వద్దు. ఇంతవరకు మీరన్నది ఒప్పుకుంటా.

కానీ లోపం చూపించే చోట ఉంటే డేటా మీద చెయ్యెందుకు వేయాలి? ఎమ్మిగనూరుని ఇంగ్లీషు అక్షరాల్లో నలుగురు నాలుగు రకాలుగా రాస్తారు. ఒకే మండలం రెండు ఫైళ్లయి, సగం వర్షం ఒకదాంట్లో, సగం ఇంకోదాంట్లో పడితే ఏ లొకేల్ మార్చి సరిచేస్తాం? తెలుగులో ఆ ఊరి పేరు బోర్డు మీద ఎలా ఉందో ఫైల్‌కీ అలాగే ఉంటుంది.

హంద్రీ, కర్నూలు:
దొరికింది. బ్యాష్ (కమాండ్లు నడిపే ప్రోగ్రామ్) సెట్టింగుల ఫైల్‌లో ఎవరో ఎల్‌సీ_ఆల్‌ని ‘సి’ అని పెట్టారు. ఆ లైన్ తీసేసి మళ్లీ లాగిన్ అయితే పత్తికొండ కనిపించింది. పేర్లు మార్చడం లేదు.

గండికోట, కడప:
మంచిది. నా అభిప్రాయం మాత్రం మారలేదు. డెమో రోజు ప్రొజెక్టర్‌కి కలిపే మెషిన్‌లో కూడా ముందే ఒకసారి ఎల్‌ఎస్ కొట్టి చూసుకోండి.