పాత ఎస్‌డబ్ల్యూఎఫ్ పాఠాలు ఇప్పుడు నడపడం ఎలా?

పలక_బలపం:
2004 నాటి సీడీలో తెలుగు అక్షరాల పాఠాలున్నాయి, అన్నీ ఎస్‌డబ్ల్యూఎఫ్ (ఫ్లాష్‌లో చేసిన కదిలే బొమ్మల) ఫైళ్లే. బ్రౌజర్‌లో ఏమీ కనిపించడం లేదు. వాటిని నడిపే పాత ఫ్లాష్ ప్లేయర్ వెతికి వేసుకోవచ్చా? పిల్లల కోసం వీటిని వెబ్‌సైట్‌లో పెట్టాలి.

కీఫ్రేమ్:
పాత ఇన్‌స్టాలర్ జోలికి పోకండి. 2020 డిసెంబర్ 31తో ఫ్లాష్‌కు దాని సంస్థ అడోబీ సపోర్ట్ ఆపేసింది. చివరి వెర్షన్లు 2021 జనవరి 12 నుంచి ఏ ఫైలునూ నడపకుండా ముందే కట్టడి చేసి వదిలారు. అంతకు పాతది వేసినా లాభం లేదు, క్రోమ్ 88, ఫైర్‌ఫాక్స్ 85 నుంచి ఫ్లాష్‌ను పూర్తిగా తీసేశారు.

రఫుల్ అనే ఉచిత ఎమ్యులేటర్ (ఫ్లాష్ ప్లేయర్ లేకుండానే ఆ ఫైళ్లను నడిపే ప్రోగ్రామ్) వాడండి. దాని సెల్ఫ్‌హోస్టెడ్ (సొంత సైట్‌లో పెట్టుకునే) జిప్‌ను సైట్ ఫోల్డర్‌లో విప్పి, పేజీ హెచ్‌టీఎంఎల్ కోడ్‌లోని హెడ్ భాగంలో రఫుల్ స్క్రిప్ట్ ట్యాగ్ ఒకటి చేర్చండి. పేజీలో ఫ్లాష్ ఫైలును చూపించే పాత ఎంబెడ్ ట్యాగులను అదే పట్టుకుంటుంది. చాలామంది తడబడేది ఇక్కడే: పేజీని డబుల్ క్లిక్ చేసి తెరిస్తే రఫుల్ లోడ్ కాదు. పరీక్షకైనా చిన్న లోకల్ సర్వర్ (మీ కంప్యూటర్‌లోనే నడిచే వెబ్ సర్వర్) మీదే తెరవాలి. అలాగే లినక్స్ సర్వర్‌లో ఫైలు పేర్లకు పెద్ద, చిన్న అక్షరాల తేడా ఉంటుంది. మెనూ ఫైలు పిలిచే పేరు అక్షరం తేడా లేకుండా ఉంటేనే తర్వాతి పాఠం వస్తుంది.

వెక్టర్:
ఫ్లాష్‌ను నడపనివ్వని ఐఫోనే దాన్ని చంపిందంటారు, అది సగం నిజం. ఫ్లాష్ గీతలను లెక్కలుగా దాచడం వల్ల ఫైలు చిన్నదై, డయలప్ (ఫోన్ లైను మీది నెమ్మది ఇంటర్నెట్) మీద కూడా బొమ్మ కదిలింది, 1996 తర్వాత అది అంతగా పాకిందందుకే. 2005లో మొదలైన యూట్యూబ్ కూడా దాని మీదే నడిచింది. కానీ భద్రతా రంధ్రాలు పూడ్చేకొద్దీ కొత్తవి బయటపడ్డాయి. 2011లో మొబైల్ ఫ్లాష్‌ను అడోబీయే ఆపింది, 2015లో యూట్యూబ్ హెచ్‌టీఎంఎల్5కి (ప్లగిన్ లేకుండా బ్రౌజర్ తానే వీడియో నడిపే పద్ధతికి) మారింది.

పలక_బలపం:
రఫుల్‌తో నడుస్తున్నాయండీ, చాలా థాంక్స్! రెండు పాఠాల్లో మాత్రం తెలుగుకు బదులు ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు కలగాపులగంగా వస్తున్నాయి.

బైట్‌కోడ్:
అది రఫుల్ తప్పు కాదు. అప్పట్లో తెలుగును ‘అను’ లాంటి యూనికోడ్ కాని ఫాంట్లలో (ఇంగ్లిష్ అక్షరాల కోడ్‌లకే తెలుగు రూపాలు తొడిగినవి) టైప్ చేసేవారు. ఫాంట్‌ను ఫైలులో పొదిగితే అక్షరం రూపం దాంతోపాటే వస్తుంది. పొదగకపోతే ఆ ఫాంట్ విడిగా అందుబాటులో ఉండాలి, లేకపోతే అడుగునున్న ఇంగ్లిష్ కోడే కనిపిస్తుంది. జేపెక్స్ డీకంపైలర్‌లో (ఫ్లాష్ ఫైలును విప్పి లోపలిది చూపే ప్రోగ్రామ్) ఆ ఫైలు తెరిచి, ఫాంట్స్ విభాగంలో అక్షరాల రూపాలు ఉన్నాయో లేవో చూడండి. లేకపోతే ఆ వాక్యాలను బొమ్మలుగా మార్చి పెట్టడమే సులువు. యూనికోడ్‌లోకి మార్చి అతికిస్తే ఒత్తులు, గుణింతాలు విడిపోయే ప్రమాదముంది. మార్చేముందు అసలు ఫైలు కాపీ తీసి పక్కన పెట్టుకోండి.