స్పాటర్ లేకుండా బెంచ్ ప్రెస్: పిన్నుల ఎత్తు ఎలా సర్దుతున్నారు?

పవర్‌లిఫ్టింగ్ పోటీకి స్పాటర్ (బరువు లేవకపోతే బార్ అందుకునే తోడు మనిషి) లేకుండా ఒంటరిగా బెంచ్ ప్రెస్ (బెంచ్ మీద పడుకుని బార్‌ని ఛాతీకి దించి పైకి నెట్టడం) సాధన చేసేవాళ్లని అడుగుతున్నా. ర్యాక్‌లో రంధ్రాల మధ్య 5 సెం.మీ. దూరం ఉంటే సేఫ్టీ పిన్నులు (బార్ మీద పడకుండా ఆపే అడ్డకడ్డీలు) ఎక్కడ పెడుతున్నారు? పై రంధ్రంలో పెడితే బార్ ఛాతీని తాకకముందే పిన్నుకి తగులుతుంది. కిందిదాంట్లో పెడితే, నడుము వంపు దించేసినా బరువు ఛాతీ మీదే ఉంటుంది, బయటపడలేం. పై రంధ్రమే ఉంచి బెంచ్ కాళ్లన్నిటి కింద 2 సెం.మీ. ప్లైవుడ్ వేస్తే కుదిరేలా ఉంది. పాదాల కిందా అంతే ఎత్తు పెట్టాలి. బెంచ్ ఊగకుండా ఎలా బిగించారు?

కాలర్లు (ప్లేట్లు జారకుండా బార్‌కి పెట్టే బిగింపులు) తీసేసి ప్లేట్లు జార్చమని మాత్రం దయచేసి చెప్పకండి. ఒకవైపు ఖాళీ కాగానే బార్ రెండోవైపుకి విసురుగా తిరుగుతుంది.

ఇంకోటి, విరామం. పోటీలో బార్ ఛాతీ మీద కదలకుండా ఆగాకే రిఫరీ ‘ప్రెస్’ అంటారు. మనసులో లెక్కపెడితే బరువు పెరిగేకొద్దీ ఆ లెక్క కురచైపోతుంది. ‘స్టార్ట్, ప్రెస్, ర్యాక్’ ఆదేశాల్ని వేర్వేరు వ్యవధులతో ఫోన్‌లో రికార్డు చేసి వాడినవాళ్లున్నారా? హుక్ నుంచి బార్ తీసేటప్పుడు భుజాలు ముందుకి జారకుండా ఉండాలంటే హుక్ ఎంత కిందకి దించాలి?